చేరగిలబడ్డ మధ్యాహ్నం

జూన్ 3

వదినకి,

నీ మరదలు బుడ్డి రాస్తోంది. ఏదైనా కావాల్సి వస్తే తప్ప నేను ఉత్తరం రాయనని నువ్వు దెప్పుతావు. ఈసారీ అంతే. కాబట్టి ఆ దెప్పేదేదో ముందే దెప్పేసి, తర్వాత తీరిగ్గా చదువు.

మా నిఘంటువు ఆఫీసు ‘చ’ అక్షరం దగ్గర చతికిలబడింది. ‘చతికిలబడు’ అయితే ఏ గొడవా లేకుండా గడిచిపోయింది గానీ ‘చేరగిలబడు’ దగ్గర యుద్ధం మొదలైంది. ఇది ‘చేరు’ అన్న మాటలోంచి పుట్టిందని మా పెద్దాయన అంటారు. పెద్దాయనంటే మా అందరి రాతలూ దిద్దే సంపాదకుడు. వీపు వెళ్ళి గోడనో కుర్చీనో చేరుతుంది కాబట్టి చేరగిలబడడం అట. నా ఎదురుబల్ల ఆవిడేమో అసలు మాట ‘జారగిలబడు’ అనీ, మనిషి కుర్చీలో కిందికి జారతాడు కాబట్టి ‘జారు’ నుంచే వచ్చిందనీ, ‘చేర’ అనేవాళ్ళు నోరు తిరక్క అంటారనీ వాదన. చివర ఉన్న ఆ ‘గిల’ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇద్దరికీ తెలియదు. అందుకని గొంతు పెంచుకుంటున్నారు. రెండూ ఒకే మాటా, వేరు వేరా అన్నది తేలేదాకా ‘చే’ కదలదు.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఏ మాటకైనా ఇళ్ళల్లో వాడేవాళ్ళ సాక్ష్యం కాగితం మీద ఉండాలి. ఫోన్లో చెప్తే కుదరదు. మన ఇంటి సాక్ష్యం నేను తెప్పిస్తానని గొప్పలకు పోయాను. మీ ఇంట్లో ఏమంటారు, చేరగిలా, జారగిలా? ఎవరు చేరగిలబడతారు, ఏ వేళప్పుడు? గోడకా, దిండుకా, కుర్చీకా? పడుకోవడానికీ దానికీ తేడా ఏంటి? ఈమధ్య మీ ఇంట్లో ఎవరైనా చేరగిలబడి ఉంటే ఆ సందర్భం కూడా రాయి. ఏమీ దాచకుండా జరిగింది జరిగినట్టు రాస్తే మాకు బాగా పనికొస్తుంది.

అన్నయ్య కాలు ఎలా ఉంది? ఆసుపత్రిలో రెండు రోజులుండి వచ్చేశాను, మళ్ళీ రాలేకపోయాను. సెలవు దొరకలేదన్నది నిజమే గానీ, గట్టిగా అడగలేదన్నది కూడా నిజమే. బోర్డులు రాసేవాడు నిచ్చెన మీంచి పడడం వింతేమీ కాదు. పడ్డాక మూడు నెలలు పాదం నేలకి మోపకుండా మంచం మీద ఉండడమే అన్నయ్యకి వింత. అయినా కాపలా నువ్వు కాబట్టి నాకు దిగుల్లేదు. నీ కన్నుగప్పి ఆ మంచం దిగడం ఎవరి తరం?

త్వరగా రాయి. ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు.

నీ బుడ్డి

* * *

జూన్ 11

మరదలికి,

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను.

మా ఇంట్లో చేరగిలబడడం అనే అంటాం. ఆ పని చేసేది మీ అన్నయ్య. సాయంత్రం రంగుల వాసనతో వచ్చి, చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని, పడక్కుర్చీలో చేరగిలబడి టీ తాగుతారు. కాలు విరిగాక అదీ లేదు. నేను చేరగిలబడను. నా కుట్టుమిషను ముందు ఉండేది స్టూలు. దానికి వీపు లేదని నీకు తెలుసు.

తేడా అడిగావు. పడుకున్నవాళ్ళు ఇవాళ్టికి పని అయిపోయిందని ఒప్పుకున్నట్టు. చేరగిలబడ్డవాళ్ళు ఇప్పుడే లేస్తాం అనుకుంటారు. అనుకుంటారు, అంతే.

ఈమధ్య ఎవరైనా చేరగిలబడ్డారా, జరిగింది జరిగినట్టు రాయి అన్నావు. ఎదురింటి కాంపౌండర్ గారు మందుల కోసం మీ ఊరు వచ్చి వెళ్ళారని నాకు తెలుసు. ఆయన వచ్చిన వారానికే నీ ఉత్తరం వచ్చింది. నా కాపలా గురించి నువ్వు రాసిన వాక్యం రెండుసార్లు చదివాను.

ఇంకా ఏమైనా అడగాలనుంటే నిఘంటువుని మధ్యలోకి లాగకుండా సూటిగా అడుగు.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య

* * *

జూన్ 18

వదినకి, అంటే మా అన్నయ్య భార్యకి,

నీ సంతకం చూసి ఆఫీసులో పకపకా నవ్వాను. ఉత్తరంలో ఇంత బింకం ఎక్కడ నేర్చావు? మిషను మీద కుట్టినట్టు వాక్యాలన్నీ ఒకే కొలత.

నీ జవాబు ఇక్కడ పెద్ద దుమారం లేపింది. “చేరగిలబడ్డవాళ్ళు ఇప్పుడే లేస్తాం అనుకుంటారు” అన్నావే, అది పెద్దాయన గట్టిగా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఇది రాసిన మనిషి ఏం చేస్తుంది?” అని అడిగారు. కర్టెన్లు కుడుతుందని చెప్పాను. మా ఎదురుబల్ల ఆవిడ మాత్రం లొంగలేదు. ఒక ఇంటి సాక్ష్యంతో మాట నిలబడదంటుంది.

కాంపౌండర్ గారి సంగతి ఎందుకు రాశావో నాకు బొత్తిగా అర్థం కాలేదు. ఆయన చేత ఏమైనా పంపావా? నాకేమీ అందలేదు. పచ్చళ్ళయితే ఆయన దారిలోనే కానిచ్చి ఉంటాడు, నువ్వేం బాధపడకు.

సూటిగా అడగమన్నావు కదా, అడుగుతున్నాను. పెద్దాయనకి కొత్త అనుమానం వచ్చింది. చేరగిలబడ్డ మనిషికి అక్కడే నిద్ర పట్టేసిందనుకో. అప్పుడు కూడా దాన్ని చేరగిలబడడమే అంటామా, లేక నిద్రపోవడం కిందికి వస్తుందా? అంటే ఆ మనిషి కావాలని నిద్రపోయినట్టా, కానట్టా? నీకు ఏది న్యాయమనిపిస్తే అది రాయి.

ఇంకో మాట. నేను చేరగిలబడను అని అంత గట్టిగా చెప్పుకోవడం దేనికి? ఒక్కసారి ఆ పడక్కుర్చీలో చేరగిలబడి చూడు. ఎలా ఉందో రాస్తే నీ పేరు లేకుండా ఉదాహరణ వాక్యంలో వేయిస్తాను.

అన్నయ్యకి చెప్పు, వాడి చెల్లెలు అడిగిందని.

నీ బుడ్డి

* * *

జూన్ 25

బుడ్డీ,

చాలు. పుండు మీద కారం చల్లడం ఒక ఎత్తు, చల్లి మండిందా అని అడగడం ఒక ఎత్తు. కాంపౌండర్ గారి సంగతి అర్థం కానట్టు రాశావు. పచ్చళ్ళంటూ వేళాకోళం కూడా. నీకు కావలసింది నా నోటి మీదుగా వినడమే అయితే విను.

మే నెల ఆఖరి వారం. హోటలు వాళ్ళ కర్టెన్లు ఆ రోజు ఇవ్వాలి. వాళ్ళ మనిషి వచ్చి పట్టుకెళ్ళాడు. రెండు గదుల నిండా పరుచుకుని ఉన్న బట్ట ఒక్కసారిగా పోయేసరికి ఇల్లు ఖాళీగా అనిపించింది. మీ అన్నయ్య నిద్రపోతున్నారు. పడక్కుర్చీ గాలి కోసం వీధి గుమ్మం వైపు తిప్పి ఉంది. చీపురు తీసుకుని దారపు ముక్కలు ఊడుద్దామని వచ్చినదాన్ని, కూర్చున్నాను. కూర్చోవడమే అనుకున్నాను. కానీ వీపు వెనక గుడ్డ తగిలింది. తలకాయ కూడా ఆనింది. బుడ్డీ, నడుములో ఇన్ని ఎముకలున్నాయని అప్పుడు తెలిసింది, ఒక్కొక్కటీ కిందికి దిగుతుంటే. ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. అదే నన్ను కాల్చుకు తింటోంది. అంత హాయిగా ఉండకపోతే ఇంత తప్పనిపించేది కాదేమో.

చప్పుడుకి మెలకువ వచ్చింది. తిరిగి చూస్తే ఆయన నేల మీద ఉన్నారు, మంచానికీ కుర్చీకీ మధ్యన. కాల్లో వేసిన రాడ్డు వంగిపోయింది. కాంపౌండర్ గారూ నేనూ కలిసి ఎత్తాం. మళ్ళీ ఆపరేషన్ చేశారు. మూడు నెలలు మళ్ళీ మొదటి నుంచి. ఈసారి పూర్తిగా అతుకుతుందో, కుంటు మిగులుతుందో డాక్టరు చెప్పలేనన్నాడు. నిచ్చెన ఎక్కలేకపోతే ఆయన పని ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఎందుకు లేచారని అడిగితే “కాలు జారింది” అంటారు. మంచం మీద ఉన్న మనిషికి కాలెలా జారుతుంది? పక్కన చెంబులో నీళ్ళు లేవు. నింపడం మర్చిపోయాను. పిలిచి ఉంటారు. నేను పలకలేదు. దాహంతో లేచి ఉంటారు. నా పరువు కాపాడదామని చెప్పడం లేదు.

కావాలని నిద్రపోయినట్టా కానట్టా అని అడిగావు. న్యాయం నువ్వే చెప్పు, నిఘంటువులో పనిచేస్తున్నదానివి.

మీ ఊళ్ళో ఆసుపత్రి వాళ్ళు నడిపే వార్డు ఉందట, నడవలేనివాళ్ళని నర్సులు దగ్గరుండి చూసుకుంటారట. అక్కడ ఆయనకి ఒక మంచం చూడు. నా దగ్గరుంటే మళ్ళీ పడతారు. నా మీద నాకు నమ్మకం పోయింది.

వదిన

* * *

జూలై 1

వదినా,

నాకేమీ తెలియదు. నా మాట నమ్ము. కాంపౌండర్ గారు మా ఊరు వచ్చారన్న సంగతి కూడా నీ ఉత్తరంలో చదివేదాకా నాకు తెలియదు. నేను ఒక మాటకి అర్థం అడిగాను, అంతే. మా ఆఫీసు ప్రశ్నలు ఎప్పుడూ అలాగే ఉంటాయి, చెంచా గురించి అడిగినా పోలీసులు అడిగినట్టే ఉంటుంది. నా రెండు ఉత్తరాలూ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. నీ కన్నుగప్పి అని రాశాను. కుర్చీలో చేరగిలబడి చూడు అని రాశాను.

కానీ నాకు కోపం కూడా వచ్చింది. దాచుకుని మంచిదాన్ని అనిపించుకోను. అన్నయ్యకి రెండో ఆపరేషన్ అయితే నాకు ఒక్క ముక్క చెప్పలేదు మీరు. “మీ అన్నయ్య బాగానే ఉన్నారు” అని రాశావు. వాడు నాకేమీ కాడా? అమ్మ పోయాక నాకు జడ వేసి బడికి పంపింది వాడు.

ఇప్పుడేమో తీసుకెళ్ళి వార్డులో పెట్టమంటున్నావు. వదినా, అన్నయ్య బరువయ్యాడంటే నేను తప్పు పట్టను. ఎవరికైనా ఓపిక ఉన్నంతవరకే. అదేదో నేరుగా చెప్పు. దానికి ఒక కునుకుని కారణంగా చూపిస్తే తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది.

వార్డులో అడిగాను. ఈ నెల ఇరవైకి ఒక మంచం ఖాళీ అవుతుందట. పేరు రాయించాను. పదో తేదీకి సెలవు పెట్టి వస్తున్నాను.

బుడ్డి

* * *

జూలై 5

బుడ్డీ,

నువ్వు నమ్మమన్నావు, నమ్మాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను, నువ్వు నా వైపు కూడా చూడలేదు.

బరువా అని అడిగావు. బరువే. ఎత్తి కూర్చోబెట్టాలి, తిప్పి పడుకోబెట్టాలి, బేసిను పెట్టాలి, తియ్యాలి. ఆ బరువుని నేనెప్పుడూ కాదనలేదు, దించుతాననీ అనలేదు. కునుకు సాకు కాదు. అదేంటో నీకు చెప్పగలిగేలా నాకు రాయడం రాదు.

ఆయన బట్టలు సర్దాను. బ్రష్షులు కూడా పెట్టాను, చేతికి ఏదో ఒకటి లేకపోతే తోచదు. వార్డు సంగతి ఆయనకి నేను చెప్పలేను. నువ్వే వచ్చి చెప్పు.

వదిన

* * *

జూలై 14

వదినా,

నిన్న ఆఫీసుకి వచ్చి కూర్చున్నాను గానీ ఒక్క పనీ కాలేదు. బస్సులో రాయాల్సిన ఉత్తరం ఇది. నీ ఎదురుగా చెప్పాల్సిన మాటలు ఇవి. నోరు రాలేదు.

నేనున్న రెండు రోజుల్లో నువ్వు ఒక్కసారి కూడా కూర్చోలేదు. పళ్ళెం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి తిన్నావు. మిషను పని కూడా మానేశావని, కుట్టిస్తామని వచ్చినవాళ్ళని తిప్పి పంపుతున్నావని అన్నయ్య చెప్పాడు. పడక్కుర్చీ కనబడలేదు. అటక మీద, పాత బోర్డుల వెనక, కాళ్ళు పైకి పెట్టి ఉంది. నీకు నువ్వే శిక్ష వేసుకుని, నువ్వే కాపలా కాస్తున్నావు. నాలుగు ముక్కలు చదువుకున్నదాన్ని, నీ ఉత్తరం చదివి నాకు తోచిందేమిటి? నువ్వు వదిలించుకుంటున్నావని. ఆ దూడగడ్డి మాట నేను రాయకుండా ఉండాల్సింది. అది రాసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను. క్షమించు అనడం చిన్నమాటే అవుతుంది, అయినా అంటున్నాను.

వార్డు సంగతి చెప్పినప్పుడు నువ్వు వంటింట్లో ఉన్నావు. అన్నయ్య “సరే” అన్నాడు. వాడి సంగతి నీకు తెలుసు, ఏ మాటకీ తిన్నగా ఒప్పుకునే మనిషి కాదు. బోర్డు మీద అక్షరం సైజుకి కూడా బేరమాడతాడు. అలాంటివాడు “సరే” అని గోడ వైపు తిరిగాడు. కాసేపటికి “మీ వదినకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది, మంచిదే” అన్నాడు. నువ్వేమో నీ చేతుల్లో వాడికి భద్రత లేదని పంపిస్తున్నావు. వాడేమో నువ్వు అలిసిపోయావని వెళ్తానంటున్నాడు. మధ్యలో నేను మంచం రాయించి వచ్చాను.

ఆ రోజు ఎందుకు లేచావని అడిగాను. “కాలు జారింది” అన్నాడు. నాకు ఆ కథ చెప్పొద్దన్నాను. దాహమేసిందా అన్నాను. కాదన్నాడు. “బుడ్డీ, అది మీ వదినతో చెప్పుకునే మొహం లేదు నాకు” అన్నాడు. వదినా, తప్పు తనదన్నట్టు చెప్పాడు. నీ పరువు కాపాడుతున్న మనిషిలా లేడు. తనది ఏదో దాచుకుంటున్న మనిషిలా ఉన్నాడు. మీరిద్దరూ ఒకే గదిలో ఉండి, తప్పంతా తనదేనని ఎవరికి వాళ్ళు మోస్తున్నారు. అడుగు. ఇరవయ్యో తేదీలోపు అడుగు. ఆ తర్వాత కూడా పంపాలనిపిస్తే నేనే వచ్చి తీసుకొస్తాను, నోరెత్తను.

ఆఫీసు సంగతి రాయకూడదనుకున్నాను. కానీ నేనక్కడున్నప్పుడు నువ్వే ఒకసారి అడిగావు, ఇంతకీ ఏం తేలిందని. ఏమీ తేలలేదు. చేరగిలబడు, జారగిలబడు రెండూ విడివిడిగా వేసి, ఒకదాని దగ్గర ఇంకొకటి చూడమని రాస్తారట. పుట్టుక దగ్గర ‘చేరు’ నుంచి కావచ్చు అని పెట్టి ఊరుకున్నారు. కావచ్చు అన్న మాట కోసం పెద్దాయన ఒక పూట భోజనం మానేశారు. ‘చేరగిలబడు’కి అర్థం నేను రాయనని చెప్పేశాను, ఎదురుబల్ల ఆవిడ రాస్తోంది. నా ప్రశ్నలతో నీకు అంత పని చేశాక ఆ మాట పక్కన అర్థం రాసే అర్హత నాకు లేదనిపించింది. ఆవిడకి అదంతా చెప్పలేదు. జ్వరం వచ్చేలా ఉందన్నాను.

నీ బుడ్డి

* * *

జూలై 23

బుడ్డీ,

నీ ఉత్తరం అందిన రెండు రోజులకి గానీ అడగలేకపోయాను. ఆయనకి గడ్డం గీస్తూ అడిగాను, మొహం తిప్పుకోడానికి వీల్లేకుండా. ఒక చెంప అయింది, రెండో చెంపకి సబ్బు ఉంది.

“దాహమేసి లేచారు కదూ” అన్నాను. కాదన్నారు. “మరి?” అన్నాను. గడ్డం కానీ అన్నారు. చెప్పేదాకా సగం గడ్డంతోనే ఉండండి అని బ్లేడు పక్కన పెట్టాను.

అప్పుడు చెప్పారు. ఆ మధ్యాహ్నం మెలకువ వచ్చి చూస్తే మిషను చప్పుడు లేదట. కుర్చీ గుమ్మం వైపు తిరిగి ఉందన్నాను కదా, మంచం మీంచి చూస్తే దాని వెనక భాగమే కనబడుతుంది. పక్కనుంచి నా చెయ్యి ఒకటి కిందికి వేలాడుతోందట. చీపురు నేల మీద పడి ఉందట. పిలిచారట. పలకలేదు. గట్టిగా పిలిచారట. పెళ్ళయ్యాక ఎప్పుడూ పిలవనిది, పేరు పెట్టి కూడా పిలిచారట. నేను కదల్లేదు.

“నువ్వు చచ్చిపోయావనుకున్నాను” అన్నారు.

నాకు ముందు కోపం వచ్చింది. అదేం మాట, మనిషి కాస్త చేరగిలబడితే అంత పాడు ఆలోచనా అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. “చేరగిలబడ్డావని ఎలా అనుకుంటానే? ఇన్నేళ్ళలో నిన్ను ఆ కుర్చీలో ఒక్కసారి చూసుంటే కదా. నువ్వు కూర్చుంటే మిషను ముందే, పడుకుంటే దీపం తీశాకే. చేతులు వదిలేసి ఉన్న నిన్ను నేను చూడలేదు. చూసేసరికి అలా అనిపించింది. కాలు సంగతి గుర్తే లేదు, దిగేశాను” అన్నారు.

ఇది దాచిపెట్టడం దేనికండీ అన్నాను. అప్పుడు అన్నారు బుడ్డీ, “కాలు విరక్కముందు రోజూ సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని నీ చేతి టీ తాగాను. లేచి నువ్వు కాసేపు కూర్చో అని ఒక్కరోజు అనలేదు. పెళ్ళాం ఒక్కసారి నడుం వాలిస్తే చచ్చిపోయిందనుకునే మొగుణ్ణి ఏమంటారో బుడ్డిని అడుగు, వాళ్ళ నిఘంటువులో ఏదో ఒక తిట్టు ఉంటుంది” అన్నారు. నవ్వుదామనే అన్నట్టున్నారు. సబ్బు ఉన్న చెంప వణికింది.

 ఊరుకోండి అందామనుకున్నాను.  కానీ ఆయన చెప్పింది నిజం. ఆయన అనలేదన్నదీ నిజమే, అన్నా నేను కూర్చునేదాన్ని కాదన్నదీ నిజమే. కూర్చున్నవాళ్ళని చూస్తే నాకు లోపల చిన్నచూపు ఉండేది, ఆయనతో సహా. ఎప్పుడూ పనిలో ఉండడమే నా గొప్ప అనుకున్నాను. ఆ గొప్పకి ఆయన కాలు పోయింది. రెండో చెంప గీశాను. కొంచెం తెగింది కూడా.

ఇరవై దాటింది, ఇంకా ఆపి ఉంచి ఉంటే ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోమని వార్డు వాళ్ళకి చెప్పెయ్యి. కుంటు మిగిలితే మిగలనీ. కింద కూర్చుని రాసే చిన్న బోర్డులు ఉంటాయి, నంబరు పలకలు ఉంటాయి. అప్పుడే లెక్కలు వేస్తున్నారు. నేను మళ్ళీ బట్ట ఒప్పుకున్నాను. నీ మీద నాకు ఏమీ లేదు. నువ్వు ఆ పిచ్చి ప్రశ్నలు అడక్కపోతే నేను అది ఎవరికీ చెప్పేదాన్ని కాదు, ఆయనా చెప్పేవారు కాదు. ఆ మాట నువ్వే రాయి. జ్వరం తగ్గిందని చెప్పు.

కుర్చీ కిందికి దించాను. ఈసారి మంచం వైపు తిప్పి వేశాను. రోజూ మధ్యాహ్నం కాసేపు అందులో కూర్చోమని ఆయన పట్టు. మొదటి రోజు కూర్చున్నాను గానీ వీపు వెనక్కి పోలేదు. అంచు మీద కోడిపెట్టలా ఉన్నానని నవ్వారు. రెండో రోజు కూడా అంతే, పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

నిన్న చేరగిలబడ్డాను. చేతులు వదిలేశాను. కళ్ళు మూసుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఆయన చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. “ఉన్నావా?” అన్నారు మెల్లగా. ఊఁ అన్నాను. మళ్ళీ కాసేపటికి అడిగారు, మళ్ళీ అన్నాను. తర్వాత అడగలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. కాసేపటికి మళ్ళీ వినబడింది. ఏడుస్తున్నారని తెలిసింది. ఇన్నేళ్ళలో ఆయన దగ్గితే లేచాను, గ్లాసు చప్పుడైతే లేచాను, ఊరికే కదిలినా లేచాను. నా ఒళ్ళంతా లేవమని పోరుపెట్టింది.

లేవలేదు బుడ్డీ. ఆయన తనివితీరా ఏడ్చేదాకా అలాగే ఉన్నాను.

నీ వదిన